గిటారు ఎరువు, డబ్బు అప్పు

సందేహం: మా అబ్బాయి 36,000 రూపాయల గిటారు కోసం నెలకు 3,000 చొప్పున డబ్బు దాస్తున్నాడు. కాలేజీ పత్రికలో దాని గురించి రాస్తూ “అరువు చేయకుండా పొదుపు కూడబెట్టి గిటారు కొంటాను” అన్నాడు. మాస్టారు ‘అరువు’ కొట్టేసి ‘అప్పు’ అని దిద్దారు. మా అత్తగారేమో “అంత డబ్బెందుకురా, ఎవరి దగ్గరైనా ఎరువు తెచ్చుకో” అంటున్నారు. ఎరువంటే పొలంలో వేసేది కదా? ఆ వాక్యంలో ఇంకా తప్పులున్నాయా?

సమాధానం: మీ అత్తగారి మాటలో తప్పేమీ లేదు. పొలానికి తోలే ఎరువు వేరు, అడిగి తెచ్చుకునే ఎరువు వేరు. రెండోదాని పాత రూపం ఎరవు. కన్నడంలో ఇప్పటికీ ఎరవు, ఎరవలు అనే అంటారు; తమిళంలో అది ఇరవల్. పొలంలో వేసేదానికి తమిళంలో ఎరు అని మాట. తెలుగులో చివరి ఉకారం పక్కన నడిమి అకారం కూడా ఉకారమై ‘ఎరవు’ కాస్తా ‘ఎరువు’ అయింది. దాంతో చుట్టరికం లేని రెండు మాటలు ఒకే వేషంలో కనిపిస్తున్నాయి. అరువు ఈ ఎరవుకే మరో రూపం.

ఇక ఎరువు, బదులు, అప్పు. ఏది ఎక్కడ వాడాలో తెలియాలంటే తిరిగి ఇవ్వవలసింది ఏమిటో చూడండి. తెచ్చుకున్న వస్తువునే తిరిగి ఇస్తే ఎరువు. పెళ్లికి పక్కింటి నుంచి తెచ్చిన గుండిగ ఎరువు. అదే గుండిగ వెనక్కి వెళ్లాలి. అలాంటిదే కొలిచి ఇస్తే బదులు. గ్లాసెడు పంచదార బదులు తెచ్చుకుంటే ఆ పలుకులనే తిరిగివ్వరు, గ్లాసెడు మరో పంచదార ఇస్తారు. రెండు రోజుల్లో ఇచ్చేస్తానని వడ్డీ, కాగితం లేకుండా తెచ్చుకున్న డబ్బు చేబదులు. వడ్డీయో పత్రమో చేరిందంటే అది అప్పు.

స్నేహితుడి గిటారు నెల రోజులు వాయించుకుని ఇచ్చేస్తే అది ఎరువు గిటారు. కొత్తది కొనడానికి అతని దగ్గర డబ్బు తెచ్చుకుంటే అది చేబదులో, అప్పో. దుకాణంవాడు “తర్వాత ఇద్దురులే” అని గిటారు చేతికిస్తే అది అరువు. ఈ చివరి అర్థం అరువుకు వాడుకలో స్థిరపడింది. “అరువు రేపు” అని దుకాణాల్లో రాసిపెట్టేది అందుకే. నెలకింత అని ఇచ్చి వాడుకుంటే అద్దె. అది ఈ వరసలోకి రాదు.

ఎరువుకూ అప్పుకూ మధ్య గీత ఎక్కడుందో ఒక పాత సామెతలో స్పష్టంగా ఉంది: “ఎరువు సొమ్ము బరువు చేటు, తీయాపెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు.” కొందరు ‘అరువు సొమ్ము’ అంటారు. ఇక్కడ సొమ్మంటే నగలు, తీపులంటే నొప్పులు. అడిగి తెచ్చి పెట్టుకున్న నగ ఉన్నంతసేపూ ఎరువే. అది పోయిందా, దాని ఖరీదు కట్టక తప్పదు, ఎరువు అప్పుగా మారుతుంది. స్నేహితుడి గిటారు మెడ విరిగినా అంతే.

మాస్టారి దిద్దుబాటు అందుకే సరైనది. మీవాడు వద్దనుకున్నది డబ్బు తెచ్చుకోవడాన్ని, వస్తువును కాదు. పైగా ‘అరువు చేయు’ అనే వాడుక లేదు. అరువిస్తాం, అరువు తెచ్చుకుంటాం. ‘చేయు’ చేరేది అప్పుకే. అప్పుకు ఇంకా మంచి క్రియలున్నాయి: ఎక్కడా అప్పు పుట్టలేదంటాం, అప్పుల్లో మునిగాడంటాం. బాకీ సంగతి వేరు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకు అసలు అర్థం ‘మిగిలినది’ అని. కనుక బాకీ ఉంటాం, పడతాం, తీరుస్తాం. “బాకీ తీసుకున్నాను” అనకూడదు.

ఇక ‘పొదుపు కూడబెట్టి’. మాస్టారి కన్ను దీని మీద పడలేదు గాని, అసలు తప్పు ఇదే. పొదుపు ఖర్చును అదుపులో పెట్టే పని. నీళ్లు పొదుపుగా వాడతాం, మాటలు కూడా పొదుపుగా వాడేవాళ్లున్నారు. కూడబెట్టేది ఆ పని వల్ల మిగిలిన డబ్బును. గాదెలో పోసేది గింజల్ని గాని కోతను కాదు కదా. ‘చిన్న మొత్తాల పొదుపు’ అనే ప్రభుత్వ వాడుకలోనూ డబ్బును సూచించేది ‘మొత్తాలు’, పొదుపు కాదు. దుకాణంలో బేరమాడి 2,000 తగ్గించుకుంటే అది ఆదా. దాన్ని తీసి డిబ్బీలో వేస్తే తప్ప కూడబెట్టినట్టు కాదు. తెలంగాణలో ఆ డిబ్బీనే గల్లగురిగి అంటారు, డబ్బు కూడబెట్టడాన్ని పైసలు జమచేసుకోవడం అంటారు. ఇన్ని మాటలుండగా అన్నిటికీ ‘సేవ్ చేయడం’ ఒక్కటే వాడుతున్నాం. అది నాకు నచ్చదు.

‘కూడబెట్టు’లో రెండో భాగం ‘పెట్టు’. ‘కూడన్’ అనే ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) మీద పకారం బకారమైంది. ‘కట్టు’ చేరితే కూడగట్టు. మద్దతు, ధైర్యం వంటివాటికి దాన్ని వాడతాం. కూడబెట్టడానికి పత్రికల్లో ఒక మచ్చ కూడా అంటింది, “అక్రమంగా కూడబెట్టిన ఆస్తులు” అని. ‘కొను’ చేర్చి ‘కూడబెట్టుకొని’ అంటే ఆ మచ్చ కనబడదు, తన అవసరానికి తాను చేర్చుకున్నట్టు వినిపిస్తుంది.

ఆ ‘కొను’ మీ ఉత్తరంలోనూ కావాలి. “డబ్బు దాస్తున్నాడు” అని రాశారు. దాచడం ఇతరుల కంట పడకుండా పెట్టడం, ఇన్‌కంటాక్స్ వాళ్లు వెతికేది దాచిన డబ్బును. మీవాడు దాచుకుంటున్నాడు. ‘వెనకేసుకుంటున్నాడు’ అన్నా బాగుంటుంది; అయితే ‘వెనకేసుకొచ్చాడు’ అంటే ఎవరినో సమర్థించాడని అర్థం మారిపోతుంది. ముడుపు జోలికి మాత్రం వెళ్లకండి. దేవుడికి కట్టినంతకాలం అది పవిత్రమైన మాటే, ఇప్పుడు ముడుపులంటే లంచాలు.

ఇదే సందర్భంలో తికమక పెట్టే మరో మాట వాయిదా. గిటారు కొనడం వాయిదా వేశాడంటే డబ్బు చేరేదాకా ఆగాడు. వాయిదాల్లో కొన్నాడంటే ఆగలేకపోయాడు. విభక్తి మారితే మనిషి తీరే మారిపోతుంది.

వడ్డీ లెక్క చెప్పేటప్పుడూ పొరపాటు జరుగుతుంది. “రెండు రూపాయల వడ్డీ” అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు 12 శాతమన్నది మన వాడుకలో రూపాయి వడ్డీ. 36,000 రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 720. అసలు కదలకుండా ఏడాది గడిస్తే బారువడ్డీ లెక్కనే 8,640 అవుతుంది. చక్రవడ్డీ అయితే ఇంకా ఎక్కువ. నెలకు 3,000 దాచుకుంటే పన్నెండో నెలకు గిటారు ఖరీదు మొత్తం చేతిలో ఉంటుంది.

గిటారు, గిటార్ రెండూ చెల్లుతాయి. విభక్తి చేర్చేటప్పుడు గిటారుకు, గిటారుతో అని అజంతంగా, అంటే మాట అచ్చుతో ముగిసేలా రాస్తే చదవడానికి సాఫీగా ఉంటుంది. వాక్యం ఇలా దిద్దించండి: “అప్పు చేయకుండా, పొదుపు చేసి కూడబెట్టుకున్న డబ్బుతో గిటారు కొనుక్కుంటాను.”