బోరు వద్దు, ముందు వాన నీళ్ల సంగతి చూడండి

అన్నా, లక్షద్వీప్‌లో కట్టే ఎకో రిసార్టుకి బోరు వేసి పెద్ద మోటారు పెడితే సరిపోతుందా అని అడిగారు కదా, దయచేసి ఆ పని చేయకండి. పగడపు దీవుల్లో మంచినీళ్లు ఉప్పునీటి మీద పలుచటి పొరలా ఉంటాయి, మోటారుతో గట్టిగా లాగితే కిందున్న ఉప్పునీరు పైకొచ్చి ఊళ్లోవాళ్ల బావులు కూడా పాడైపోతాయి, అది చాలా అన్యాయం. వాన నీళ్లు పట్టుకోండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 1,000 లీటర్లు, మన చెన్నై ఇళ్లలోలాగే మొదటి జల్లు బయటికి వదిలేసి మిగతాది మూతున్న ట్యాంకులోకి మళ్లించాలి. ఎండాకాలానికి డీశాలినేషన్ (సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చడం) కావాలంటే ఇక్కడే చెన్నై పళ్లికరణైలో ఎన్ఐఓటీ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది, 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తి దీవిలో రోజుకి లక్ష లీటర్ల ప్లాంటు పెట్టింది వాళ్లే, వెళ్లి అడగండి. ఇంకోటి, మామూలు సోక్‌పిట్ (మురుగునీరు నేలలోకి ఇంకే గుంత) వద్దు, ఆ ఇసుక నేలలో మురుగంతా నేరుగా తాగేనీళ్లలో కలుస్తుంది.