పాము కుబుసం ముక్కలుగా ఊడుతుంటే లాగేయవచ్చా?

ప్రశ్న: నేను పెంచుతున్న రెండేళ్ల బాల్ పైథాన్ ఇదివరకు కుబుసాన్ని ఒకే ముక్కగా విడిచేది. ఈసారి వారం రోజులుగా ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. ఒక కంటి మీద మసక పొర, తోక చివర ఉంగరంలా పాత చర్మం ఉండిపోయాయి. వెచ్చదనం కోసం పెట్టెలో దీపం వేస్తున్నాను. పట్టకారుతో లాగేయవచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు పట్టకారు పక్కన పెట్టండి. పశువుల ఒంటి మీద గోమార్లను ఏరేసినట్టు పాము కంటి పొరను ఏరడానికి లేదు. పాముకు కనురెప్పలు ఉండవు. పారదర్శకమైన పొలుసొకటి కంటిని కప్పి కాపాడుతుంది. కుబుసంతో పాటే దాని పైపొర కూడా ఊడి రావాలి. బలవంతంగా లాగితే పాతదానితో పాటు కింద ఉన్న కొత్త పొలుసూ చిరిగి, కన్నే పోవచ్చు.

మీ ఉత్తరంలో నాకు అనుమానం కలిగించింది దీపం. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య కొంత ద్రవం ఊరితేనే అవి రెండూ విడిపోతాయి. కుబుసానికి ముందు కళ్లు నీలంగా, పాలు పోసినట్టు కనిపించేది దానివల్లే. గాలి పొడిగా ఉండి, పాము ఒంట్లో నీరు తగ్గితే పొరలు అంటుకుపోతాయి. దీపం వేడి గాలిలో తేమను లాగేస్తుంది. బాల్ పైథాన్‌కు మామూలుగా 55 నుంచి 60 శాతం తేమ కావాలి. కళ్లు మసకబారినప్పటి నుంచి 70 శాతం దాకా పెంచవచ్చు. అంచనాతో కాకుండా తేమ కొలిచే మీటరు పెట్టి చూడండి.

ఇప్పుడు చేయాల్సిన పని తోకది. అక్కడ మిగిలిన ఉంగరం ఎండేకొద్దీ బిగుసుకుని రక్తం ఆడనివ్వదు. కొన్నాళ్లకు తోక కొస నల్లబడి చచ్చుబడుతుంది. గాలి రంధ్రాలున్న మూత డబ్బాలో 28–30 డిగ్రీల నీళ్లు పోయండి. నీళ్లు పాము ఒళ్లు సగం మునిగేంత ఉంటే చాలు. అందులో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి, పక్కనుంచి కదలొద్దు. తర్వాత తడి తువ్వాలును చేతిలో వదులుగా పట్టుకుని, పాము తనంతట తాను అందులోంచి పాకేలా చూడండి. ఆ రాపిడికే చాలావరకు ఊడుతుంది. రాకపోతే మర్నాడు మళ్లీ చేయండి. నూనె రాయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. తడితో అయ్యే పనికి నూనె ఎందుకు?

కంటి సంగతికి తొందర లేదు. పెట్టెలో తడి నాచు పరిచిన చిన్న గూడు ఒకటి పెట్టండి. చాలాసార్లు తర్వాతి కుబుసంతో అది తనే పోతుంది. గరుకు రాయో కొమ్మో కూడా ఉండాలి, ముక్కు రాసుకుని కుబుసం మొదలుపెట్టేది దాని మీదే. అలాగని పెట్టె అడుగంతా చిత్తడిగా ఉంచితే పొట్ట కింద పొలుసులు బొబ్బలెక్కి కుళ్లుతాయి. తేమ గాలిలో ఉండాలి, నేల మీద కాదు.

కళ్ల చుట్టూ, గడ్డం కింద ఆవగింజ కన్నా సన్నటి నల్ల చుక్కలు కదులుతున్నాయా? నీళ్ల గిన్నెలో తేలుతున్నాయా? ఉంటే అవి పాములకు పట్టే నల్లులు (మైట్స్), మంచాల్లో ఉండేవి కావు. కుబుసం చెడడానికి అదీ ఒక కారణం. దానికి పంటలకు కొట్టే మందు ససేమిరా వాడొద్దు. పాములను చూసే పశువైద్యుడినే అడగండి. కన్ను ఉబ్బినా, తోక కొస రంగు మారినా, రెండు కుబుసాల తర్వాతా కంటి పొర మిగిలినా ఆయన దగ్గరికే తీసుకెళ్లండి.

ఈసారి ఊడిన కుబుసాన్ని పారేయకండి. నీళ్లలో నానబెట్టి తల భాగం విప్పి చూస్తే కళ్ల చోట కాంటాక్ట్ లెన్సుల్లాంటి రెండు గుండ్రటి పొరలు కనిపించాలి. ఒకటే కనిపిస్తే రెండోది ఇంకా కంటి మీదే ఉందన్నమాట.