డీపీ మార్చకపోతే నేను ద్రోహినా?

ప్రశ్న: ఒక ఉద్యమానికి మద్దతుగా మా ఫ్రెండ్స్ అందరూ డీపీ మార్చారు. నేను మార్చలేదు. ‘నీకేం పట్టదా?’ అని ఒక ఫ్రెండ్ గ్రూపులో అందరి ముందూ అడిగేసింది. వాళ్ల డిమాండ్లలో కొన్ని న్యాయమే, కొన్ని నాకు నచ్చవు. టెన్షన్ భరించలేక డీపీ మార్చేశాను, ర్యాలీకి కూడా వస్తానన్నాను. ఇది నా నిర్ణయమేనా అని ఇప్పుడు అనుమానం. - పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: పక్కవాళ్లను చూసి కదలడం తప్పేమీ కాదండీ, ఉద్యమాలు పెరిగేదే అలా. 2010 అమెరికా ఎన్నికల రోజున ఫేస్‌బుక్ దాదాపు 6 కోట్ల మందికి ‘ఓటేయండి’ అనే సందేశం చూపించింది. దాంతోపాటు ఓటేశామని చెప్పిన స్నేహితుల ఫొటోలు కూడా కనిపించినవాళ్లు, ఉత్త సందేశం చూసినవాళ్ల కంటే కాస్త ఎక్కువగా ఓటేశారని 2012లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అందులోనూ బాగా దగ్గరి స్నేహితుల ప్రభావమే ఎక్కువట. కాబట్టి మీదేదో బలహీనత అనుకోకండి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. వేలమంది వచ్చిన సభలో మీరు లేరని ఎవరికీ తెలియదు, డీపీ మార్చని ఒక్కరు మాత్రం ఇట్టే కనబడిపోతారు, పైగా ఆ మౌనానికి అర్థం కూడా చూసేవాళ్లే చెప్పేస్తారు. ‘కొంత ఒప్పుకుంటా, కొంత ఒప్పుకోను’ అనడానికి అక్కడ బటన్ లేదు. ఏ పోస్టు పైకి రావాలో తేల్చే లెక్కలో ఫేస్‌బుక్ 2017లో కోపం ఇమోజీకి (మిగతా రియాక్షన్లకీ అంతే) లైక్ కంటే అయిదు రెట్ల విలువ ఇచ్చింది, 2020కి గానీ కోపం విలువను సున్నా చేయలేదు. ఆచితూచి రాసిన మాట అలాంటి చోట ఎంతమందికి కనిపిస్తుంది చెప్పండి!

అందరూ పెడుతున్నారని పెట్టడం ఒక్కోసారి ఉద్యమానికే అడ్డం పడుతుంది. 2020 జూన్ 2న నల్లజాతివారికి మద్దతుగా లక్షలమంది నల్ల చతురస్రాలు పోస్ట్ చేశారు. చాలామంది వాటికి ఆ ఉద్యమం పేరైన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ (నల్లవారి ప్రాణాలూ విలువైనవే) హ్యాష్‌ట్యాగ్ తగిలించడంతో, నిరసనల సమాచారం కోసం ఆ ట్యాగ్‌లో వెతికినవాళ్లకు వరసగా నలుపే కనిపించింది, దయచేసి ట్యాగ్ తీసేయండని కార్యకర్తలే బతిమాలాల్సి వచ్చింది.

ఇంకోవైపు ఈజిప్టు చూడండి. ప్రభుత్వానికి వ్యతిరేకంగా 2011 జనవరి 25న జరిగిన నిరసనకు ఒక ఫేస్‌బుక్ పేజీ నుంచి పిలుపు వచ్చింది. 27 అర్ధరాత్రి దాటాక ప్రభుత్వం ఇంటర్నెట్ కట్ చేసింది. తెల్లారాక, 28న, అంతకంటే ఎక్కువమంది వీధుల్లోకి వచ్చారు. వాళ్లకు కబురు తెచ్చింది ఫోనే కావచ్చు, వెళ్లాలన్న పట్టుదల మాత్రం వాళ్లదే.

మీరూ అలాగే చూసుకోండి: ఆ రోజు నెట్ లేకపోయినా, ఫొటోలు పెట్టేవాళ్లు లేకపోయినా ఆ ర్యాలీకి వెళ్తారా? వెళ్తాననిపిస్తే నిశ్చింతగా వెళ్లండి, నచ్చని డిమాండ్ల నినాదం వచ్చినప్పుడు గొంతు కలపకండి. లేదనిపిస్తే మానేయండి. మిమ్మల్ని అడిగిన ఆ ఫ్రెండ్‌కి మాత్రం గ్రూపులో జవాబివ్వకండి, విడిగా ఫోన్ చేసి ఏది ఒప్పుకుంటున్నారో ఏది కాదో చెప్పండి. అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం తనకూ కష్టమే.