చిట్టికి, పిల్లవాడి ధ్యాస గురించి

తిరుపతి

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బాబు ఒక్కచోట నిలవడం లేదని, అన్నం తింటున్నా చూపు ఫోను మీదే ఉంటోందని, కోపం వస్తే తమ్ముణ్ణి కొడుతున్నాడని రాశావు. ధ్యాస నిలపడం నేర్పే మైండ్‌ఫుల్‌నెస్ తరగతిలో చేర్పించమంటావా అని అడిగావు. తొందరపడకు.

కిందటి వేసవిలో వాణ్ణి అలిపిరి నుంచి కొండకు నడిపించాను. మొత్తం 3,550 మెట్లు. నూరు మెట్లైనా ఎక్కకముందే "ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని మొదలుపెట్టాడు. పక్కనే ఒకామె మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కుతోంది. వాడు ఆగి చూశాడు. నా సంచిలోని కుంకుమ భరిణె తీసి వాడి చేతికిచ్చాను. వేలు ముంచడం, వంగడం, మెట్టు నడుమ బొట్టు అద్దడం, పైకి అడుగు వేయడం. నీడలో ఉన్న రాయి చల్లగా ఉందనీ, ఎండ తగిలిన రాయి కాలుతోందనీ వాడే చెప్పాడు. గాలిగోపురం దాకా మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

నువ్వు అడిగిన మైండ్‌ఫుల్‌నెస్ అదేనమ్మా. చేస్తున్న పని మీద ఎరుక. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన దీన్ని ఆసుపత్రిలో, ఎంతకీ తగ్గని నొప్పులతో బాధపడే పెద్దవాళ్ల కోసం మొదలుపెట్టారు. బడిపిల్లల దగ్గరికి తర్వాత వచ్చింది. బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్న పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి. దీన్ని పాఠంగా చెప్పిన బడుల్లో, చెప్పని బడులకంటే పిల్లల మనసులు కుదుటపడినట్టు కనిపించలేదు. చాలామంది ఇంటి దగ్గర సాధనే చేయలేదట. ఫీజు కట్టి వారానికో గంట పంపితే సరిపోదని నేను అనేది అందుకే. నువ్వు పక్కన కూర్చోవాలి.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. టీచరుగా ఉన్నప్పుడు, అల్లరి పెరిగితే తరగతి మొత్తాన్ని కళ్లు మూసుకుని కూర్చోమనేదాన్ని. ఒకరోజు ఒక పాప ఏడ్చేసింది. కళ్లు మూస్తే ఇంట్లో నాన్న అరుపులు వినిపిస్తున్నాయంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ తర్వాత ఏ పిల్లచేతా బలవంతంగా కళ్లు మూయించలేదు, మౌనాన్ని శిక్షగా వేయలేదు. నువ్వూ వేయకు.

కళ్లు తెరిచి చేసేవే బోలెడు ఉన్నాయి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రం మౌనంగా కూర్చొని పొద్దు కుంకడం చూస్తారు. దాన్ని అస్తాచల్ అంటారు. మీ మేడ మీద నుంచీ ఆకాశం కనిపిస్తుంది కదా, రెండు నిమిషాలు చాలు. మామిడిపండు ఇచ్చేటప్పుడు ముందు తొడిమ దగ్గర వాసన చూడమను, తొక్క మీద మచ్చలు లెక్కపెట్టమను. మొదటి ముక్క తినేదాకా ఫోను అవతల గదిలో ఉండాలి, నీది కూడా.

కోపం సంగతి. వాడు చెయ్యి ఎత్తినప్పుడు నీతులు చెప్పకు, అవి ఆ క్షణంలో చెవికెక్కవు. కోపం లేని వేళ నేర్పించు: అరచెయ్యి పొట్ట మీద పెట్టి గాలి పీల్చడం, పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు నెమ్మదిగా వదలడం. వదిలే ఊపిరి నిదానించేకొద్దీ గుండె వేగం తగ్గుతుంది. అయిదుసార్లు చాలు. పరీక్షలప్పుడూ, నిద్ర పట్టని రాత్రులూ వాడికి ఇదే అక్కరకొస్తుంది. "ఎక్కడ మండుతోంది నాన్నా, చెవుల్లోనా, గుండెల్లోనా?" అని అడుగు. చూపించడం మొదలుపెడితే కొట్టే చెయ్యి కాస్త ఆగుతుంది. రోజూ ఆగకపోవచ్చు. వారంలో ఒకసారి ఆగినా నాకు ఉత్తరం రాయి.

వారాల తరబడి తిండి, నిద్ర తగ్గినా, బడి అంటే వణుకుతున్నా ఊపిరి పాఠాలతో కాలం గడపకు. పిల్లల డాక్టరుకు చూపించు.

దసరా సెలవులకు వాణ్ణి పంపించు. భరిణెలో కుంకుమ నింపి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ