నీట్ పోయిందని మైక్రోబయాలజీని తక్కువ చేయకండి

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. నీళ్లలో, పాలలో బతికున్న బ్యాక్టీరియాను వేడిని బట్టి కెమెరాతో నిమిషాల్లో పట్టేస్తారని ఏదో వీడియో చూసి, ఆ పనే చేస్తానంటోంది. బీఎస్సీ మైక్రోబయాలజీ మంచిదా, బీటెక్ బయోటెక్నాలజీ మంచిదా? బీఎస్సీ అంటే చుట్టాల్లో చులకనైపోతామని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఏటా ఫలితాలొచ్చాక ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. కోర్సు పేర్లు మారతాయి, భయం మాత్రం అదే. డాక్టర్ కాలేకపోయిన పిల్లకు ఇంకేం దారి ఉందని. దారి ఉంది, ముందు మీరు స్థిమితపడండి.

అమ్మాయికి నచ్చిన విషయం గట్టిదే. పోషకాలున్న ల్యాబ్ ప్లేటు మీద బ్యాక్టీరియాను పెంచి లెక్కపెట్టాలంటే ఒకటి రెండు రోజులు ఆగాలి. డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష త్వరగా చెబుతుంది కానీ చచ్చిన వాటి డీఎన్‌ఏను కూడా చూపిస్తుంది. బతికున్న కణం మాత్రమే తిని, పెరిగి, వేడి పుట్టిస్తుంది. వీడియోలోని ఆలోచన అక్కడిదే.

అయితే వీడియోలో చూసినంత సులువు కాదు. ఒక్క బ్యాక్టీరియా ఇచ్చే వేడి వాట్‌లో లక్ష కోట్ల వంతుకు అటూ ఇటూ. ఒక మిల్లీలీటరులో 10 లక్షల బ్యాక్టీరియా ఉన్నా, గంటసేపు ఆ వేడి ఎటూ పోకుండా చూసినా, పెరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు. మామూలు థర్మల్ కెమెరా గుర్తుపట్టేది డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడాను. పైగా ఆ కెమెరాకు నీటి పైపొరే కనిపిస్తుంది, ఆ పొరేమో ఆవిరవుతూ చల్లబడుతుంటుంది. అందుకే నమూనాను గదిగాలి తగలకుండా కాపాడాలి, బ్యాక్టీరియాను చిన్నచోట పోగు చెయ్యాలి లేదా పెరగనివ్వాలి, సెన్సర్ చాలా సున్నితంగా ఉండాలి. ఇంతా చేస్తే వేడి ఉందని తెలుస్తుంది గానీ అది ఏ బ్యాక్టీరియాదో తెలియదు. ఈ చిక్కులు విన్నాక కూడా అమ్మాయి కళ్లు మెరిస్తే, ఆమె ఈ పనికి తగిన మనిషే.

ఇక బయోటెక్నాలజీ పక్కన ఏఐ అని చేర్చి అమ్ముతున్న బీటెక్‌ల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. బ్రోషర్‌లో బయోసెన్సర్లు ఉంటాయి, ల్యాబ్‌లో పిల్లలు వంతులవారీగా ఒకే మైక్రోస్కోప్ దగ్గర నిలబడతారు. మంచి ల్యాబ్, చెప్పే మాస్టారు ఉంటే బీటెక్ తీసుకోండి. లేకపోతే బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీకి పెద్ద సంస్థకు వెళ్లడమే మేలు. ఏది చదివినా, పదో తరగతితో ఆగిపోయిన లెక్కలు మళ్లీ మొదలుపెట్టాలి. ఈ.కొలై అనే బ్యాక్టీరియా అనుకూలిస్తే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, గ్రాఫ్‌లో వేడిని చూపే గీత కూడా అలాగే పైకి లేస్తుంది. లాగరిథమ్ రాకుండా ఆ గీతను చదవలేరు.

ఉద్యోగం సంగతా? ఇంజెక్షన్ మందుల్లో సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షలో నమూనాను 14 రోజులు ఉంచి చూస్తారు. అన్నాళ్లూ సరుకు గోడౌన్‌లోనే. ఆ రోజులు తగ్గించే మనుషులు హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా కంపెనీలకు కావాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లకంటే తక్కువే, అది దాచను. కానీ పని తెలిసిన మైక్రోబయాలజిస్టు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో ర్యాంకు ఉంది, చుట్టాలున్నారు. ఆ వీడియోలో అమ్మాయికి ఏం నచ్చిందో ఒక్క ముక్క లేదు. మీరు అడిగినట్టే లేరు. నీట్ పోయి బాధలో ఉన్న పిల్ల తనంతట తాను ఒక దారి చూపిస్తే, చుట్టాల కోసం దాన్ని మూసేస్తారా? ఈ రాత్రే ఆమెతో కూర్చుని ఆ వీడియో చూడండి.

ఫీజు కట్టేముందు కాలేజీ నడిచే రోజు చూసుకుని ఇద్దరూ వెళ్లండి. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ (బ్యాక్టీరియాను వెచ్చగా ఉంచి పెంచే పెట్టె) తెరిచి చూపించమనండి. ఈ వారం తేదీలు రాసిన ప్లేట్లు లోపల ఉంటే కూర్చుని మాట్లాడండి. ఖాళీగా ఉంటే ఇంకో కాలేజీ చూసుకోండి. అక్కడ ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి.