వీణ వినపడాలి, ఫ్యాన్ కాదు

ప్రశ్న: ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో వీణ పాఠాలు చెబుతాను. పాత కంప్యూటర్ హోరు మైకులోకి వచ్చేస్తోంది. కొత్తది అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్నాను. ఆటలు ఆడేవాళ్లెవరూ లేరు. అసలు ఫ్యానే లేకుండా చేయించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. మంచిదేనా?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: బెజవాడ మే నెలకు ఆ సలహా పనికిరాదండీ. కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు ప్రాసెసర్. దాని వేడి ఎప్పుడూ గది వేడి మీద అదనంగా చేరుతుంది. ఫ్యాన్ లేని కూలర్‌తో (ప్రాసెసర్ మీద బిగించి దాని వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ) ప్రాసెసర్ గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. 24 డిగ్రీల ఏసీ గదిలో 74 దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నం మూడింటికి మీ గది 40 ఉంటే అదే 90కి చేరుతుంది. ఇంకాస్త పెరిగితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, వీడియో కాల్ నత్తనడక నడుస్తుంది. ఫ్యాన్ తీసేయకండి. పెద్దది పెట్టి, నెమ్మదిగా తిప్పండి. వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, గాలి మాత్రం సగమే తగ్గుతుంది. నిమిషానికి 600, 700 చుట్లు తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ అడుగు దూరంలో కూడా దాదాపు వినపడదు.

అయితే ముందు వేడి పుట్టకుండా చూడాలి. మీ పనికి ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ చాలు. తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ అందులోనే ఉంది కాబట్టి విడిగా కార్డు అక్కర్లేదు, కార్డుతో వచ్చే రెండు మూడు ఫ్యాన్ల గోలా ఉండదు. ఇది 65 వాట్ల ప్రాసెసర్. బయోస్‌లో (మదర్‌బోర్డులోనే ఉండే అమరికల మెనూ) ఎకో మోడ్, అంటే తక్కువ కరెంటుతో నడిచే అమరిక, పెట్టి 45 వాట్లకు దించండి. పాఠాలకూ రికార్డింగుకూ తేడా తెలియదు. ర్యామ్ 8 జీబీవి రెండు తీసుకోండి, 16 జీబీది ఒక్కటి వద్దు. జంటగా ఉంటేనే లోపలి గ్రాఫిక్స్ సరిగా పనిచేస్తుంది. ర్యామ్‌కు నాలుగు స్లాట్లున్న మదర్‌బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. హార్డ్ డిస్క్ బదులు చిప్పుల్లోనే ఫైళ్లు దాచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టించండి, అందులో తిరిగే భాగమే లేదు.

ప్రాసెసర్ డబ్బాలో వచ్చే కూలర్ పక్కన పెట్టేసి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న, నిలువుగా లేచి ఉండే టవర్ కూలర్ కొనండి. ఇలాంటివి 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. కేబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను పట్టిస్తుందో ముందే చూసుకోకపోతే పక్క తలుపు మూతపడదు. ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉన్న కేబినెట్ ఎంచుకోండి. అద్దం అందంగానే ఉంటుంది కానీ గాలి ఆడక ఫ్యాన్లు వేగం పెంచుతాయి.

చాలామంది తప్పటడుగు వేసేది ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె) దగ్గర. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే దానిలో 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉంటే, మిగతా మిషన్ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా అదొక్కటే ఈలవేస్తుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 450 వాట్లది చాలు. 650 అంటే దండగ. ఈ మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు 20, 30 వాట్లే లాగుతుంది. అంత చిన్న భారం మీద పెద్ద ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం బాగా పడిపోతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటే ముందు అది తీయాలి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే కూలర్ వాలిపోయి వేడి సరిగా అందదు.

బయోస్‌లో ఫ్యాన్ వేగం మీరే పెట్టుకోవాలి. ప్రాసెసర్ వేడి 55 డిగ్రీల వరకు వేగం 30 శాతం, 70 దగ్గర 50, 85 దగ్గర 100 పెట్టండి. కంపెనీ అమరికలో 40 దగ్గరే వేగం పెరగడం మొదలైతే, మన వేసవిలో ఏ పనీ లేకపోయినా రోజంతా హోరే. వేగం మారడానికి రెండు మూడు సెకన్ల ఆలస్యం పెట్టే ఏర్పాటు ఉంటే అదీ వాడండి, క్షణక్షణం రొదపెట్టి ఆగడం పోతుంది.

ఇంకో మాట. మైకు వీపు కంప్యూటర్ వైపు ఉండాలి. దూరం రెట్టింపు చేస్తే ఇంకో 6 డెసిబెల్స్ తగ్గుతాయి. నెత్తిన సీలింగ్ ఫ్యాన్ గిరగిర తిరుగుతుంటే మాత్రం ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే.

ప్రశ్న: మాది మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్టు. బిల్లులు వేసే కంప్యూటర్ కొన్న రెండు నెలలకే రొద మొదలైంది. కొత్త ఫ్యాన్ వేయించాలా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు చప్పుడు వినండి. గాలి హోరులా ఉంటే దుమ్ము, గరగరమంటే బేరింగ్. రెండు నెలలే అంటున్నారు కాబట్టి దుమ్మే అయ్యుంటుంది. మిర్చి ధూళి సన్నగా ఉండి కూలర్ రేకుల మధ్య చాపలా పేరుకుంటుంది. గాలి దూరక వేడి పెరుగుతుంది, వేడిని చూసి ఫ్యాన్ వేగం పెరుగుతుంది. ఫ్యాన్ మార్చినా మళ్లీ ఇదే కథ.

ప్లగ్ తీసేసి కేబినెట్‌ను ఆరుబయట పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్‌ను బయటి నుంచే ఊదాలి, విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో (కరెంటును నిల్వ ఉంచే భాగం) 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

మళ్లీ రాకుండా ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా పెట్టించండి. అప్పుడు పెట్టెలోకి వెళ్లే గాలే ఎక్కువ కాబట్టి సందుల్లోంచి ధూళి దూరదు. ముందు నైలాన్ జాలీ తగిలించి వారానికోసారి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. పెట్టె నేల మీద కాకుండా బల్ల మీద ఉండాలి. మిర్చి బస్తాల వైపు మాత్రం తిప్పకండి.

ప్రశ్న: కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. స్పీకర్లలోనూ సన్నటి గుయ్ శబ్దం.
– పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ప్లగ్ పాయింటుకు ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి చివర ఎర్త్ లేకపోతే బాడీ మీద సగం వోల్టేజి, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. కరెంటు మిల్లీ ఆంపియర్ లోపే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ తెగితే మాత్రం ప్రాణానికే ముప్పు. ఆ గుయ్ శబ్దానికీ చాలాసార్లు మూలం ఇదే, ఫ్యాన్లు మార్చినా పోదు. ఎలక్ట్రీషియన్‌తో సరైన ఎర్తింగ్ వేయించండి. ఎర్త్ వైరును న్యూట్రల్‌కు కలిపేస్తానంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ లేస్తోంది. తక్కువ కరెంటు లాగేది కొంటే పోతుందా?
– పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: చాలావరకు. ముందు ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూసి అటు తిప్పండి, కరెంటు నుంచి బ్యాటరీకి మారే వ్యవధి తగ్గుతుంది. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ (కరెంటును కుదుపులు కుదుపులుగా ఇచ్చేది) అయితే కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు దానితో పడవు, ఇంటి కరెంటులా నునుపైన అలలిచ్చే సైన్ వేవ్‌దే కావాలి. తక్కువ వాట్లు లాగే మిషన్‌కు ఆ క్షణం తట్టుకోవడం తేలిక, బిల్లూ తగ్గుతుంది. రోజుకు 10 గంటలు వాడితే 100 వాట్లది నెలకు 30 యూనిట్లు కాలుస్తుంది, 30 వాట్లది 9.