వానలు పడ్డాక బలిసిన పిల్లలే చచ్చిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా బేల మండలం, పెన్‌గంగ ఒడ్డున ఊరు. 60 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. వానలు మొదలైన వారంలోనే 5 పిల్లలు పోయాయి, అన్నీ బాగా కండపట్టినవే. సాయంత్రం మేసి వచ్చినవి తెల్లారేసరికి దొడ్లో చచ్చి ఉంటున్నాయి. ఒకటి కళ్ల ముందే ఎగిరిపడి, మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుని పోయింది. రోజూ మక్క నూక కూడా పెడుతున్నాం. నిరుడు చిటుక టీకా ఒకసారి వేయించాం. ఇప్పుడు ఏ ఇంజక్షన్ వేయించాలి?

జవాబు: మీరు రాసింది చూస్తే చిటుక రోగమే అనిపిస్తోంది. ఇంజక్షన్ సంగతి తర్వాత, ముందు ఈరోజే మక్క నూక ఆపండి. లేత పచ్చికలోకి రెండు వారాలు తోలకుండా ఎండు గడ్డి, శనగ పొట్టు, ముదురు మేత పెట్టండి. చావులు ఆగాలంటే అన్నిటికన్నా త్వరగా పనిచేసేది ఇదే.

ఎందుకంటే ఈ రోగం బయటి నుంచి అంటుకొచ్చేది కాదు. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న గొర్రెల పేగుల్లో కూడా కొద్దిగా ఉంటుంది. నూక, లేత పచ్చిక ఒక్కసారిగా ఎక్కువగా పడితే పెద్ద పొట్టలో పూర్తిగా అరగని పిండిపదార్థం చిన్న పేగులోకి దిగుతుంది. దాన్ని తిని డి రకం సూక్ష్మజీవి గంటల్లో కోట్లకు పెరిగి ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది. వదిలినప్పుడు ఆ విషం నిద్రాణంగా ఉంటుంది. గొర్రె తన మేత అరిగించుకోవడానికి తయారుచేసుకునే ట్రిప్సిన్ రసమే దాన్ని కత్తిరించి ప్రాణాంతకం చేస్తుంది. చురుకైన విషం పేగు గోడను వదులు చేసి రక్తంలోకి చేరి, మెదడులోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. మెదడు వాస్తుంది. మెడ విరుచుకోవడం, ఎగిరిపడటం అందుకే. బక్క పిల్లకు అంత మేత, అన్ని పాలు దొరకవు కాబట్టి అది బతుకుతుంది, బలిసింది పోతుంది.

పుట్టిన కొద్ది రోజుల పిల్లల్లో వచ్చే నెత్తురు పారుడు ఇదే సూక్ష్మజీవిలోని బి, సి రకాల వల్ల. అక్కడి బీటా విషాన్ని ట్రిప్సిన్ నాశనం చేస్తుంది. కానీ జున్నుపాలలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది కనుక ఆ వయసులో విషం బతికిపోతుంది. అలాగని జున్నుపాలు మానిపించకండి. టీకా వేసిన తల్లి జున్నుపాలలోనే పిల్లను కాపాడే ప్రతిరక్షకాలు ఉంటాయి.

ఇక మీరడిగిన ఇంజక్షన్. యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని చంపుతుందే కానీ రక్తంలోకి వెళ్లిపోయిన విషాన్ని విరవలేదు. కొట్టుకుంటున్న పిల్ల మీద డబ్బు పోయడం దండగ. మిగతా మందకు మందులు ఇవ్వాలా వద్దా అన్నది పశువైద్యుడు చూసి చెప్పాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

టీకా విషయంలో తప్పు ఎక్కడ జరిగిందంటే, మొదటిసారి ఒక్క మోతాదు చాలదు. అది శరీరానికి ఆ విషాన్ని పరిచయం మాత్రమే చేస్తుంది. రెండు మూడు వారాలకు రెండో మోతాదు, అంటే బూస్టర్, పడితేనే బలం నిలుస్తుంది. పైగా నిరుడు వేసింది ఈ ఏడాది పుట్టిన పిల్లలను కాపాడదు. ఇప్పుడు మందంతటికీ వేయించి, 15 రోజులకు మళ్లీ వేయించండి. బలం రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కనుక అప్పటిదాకా మేత కట్టడే దిక్కు. మోతాదు సీసా మీద రాసినంతే, మామూలుగా గొర్రెకు 2.5 మి.లీ. చర్మం కింద. సీసా బాగా కుదిపి తీయాలి, 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టిన సీసా పారేయాలి. వచ్చే ఏడాది నుంచి మే నెలలోనే వేయించండి. చూడి గొర్రెలకు ఈనడానికి నెల ముందు, వాటి పిల్లలకు మూడు నాలుగు నెలల వయసులో మొదలుపెట్టండి. మేకల్లో టీకా బలం త్వరగా తగ్గుతుంది, ఆరు నెలలకోసారి వేయించాలి. మేకకు ఈ రోగం వస్తే నెత్తురు, జిగురుతో పారుడు ఎక్కువగా కనిపిస్తుంది. బద్దె పురుగులున్న పిల్లల్లో చిటుక ఎక్కువ, టీకాకు రెండు వారాల ముందే నట్టల మందు తాగించండి.

నూక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పిల్లకు రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి 50 గ్రాములు పెంచండి. రెండు పూటలా పంచి పెట్టండి. ముందు ఎండు గడ్డి, తర్వాతే నూక.

చచ్చిన పిల్లను చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. అలాంటి కళేబరాన్ని కోయొద్దు, వెంటనే పశువైద్యునికి చెప్పండి. అలా రక్తం కారని కళేబరాన్ని కూడా డాక్టరే కోయాలి, అదీ చచ్చిన కొద్ది గంటల్లోపే. ఆలస్యమైతే మూత్రపిండాలు మామూలుగానే మెత్తబడతాయి, పేగులో ఈ సూక్ష్మజీవి దానంతటదే పెరుగుతుంది. అందుకే సూక్ష్మజీవి దొరికితే చాలదు, విషం దొరకాలి. చిన్న పేగు చివరి భాగాన్ని రెండు వైపులా కట్టి మంచులో ల్యాబ్‌కు పంపిస్తారు. మూత్రంలో చక్కెర ఉందేమో పట్టీతో చూడటం కూడా మంచి ఆధారం. జొన్న మోళ్ల నుంచి వచ్చిన లేత పిలకలు మేసి నిమిషాల్లో నాలుగైదు ఒకేసారి కూలితే మాత్రం అది వేరే విషం. దానికి విరుగుడు ఇంజక్షన్ ఉంది, క్షణం ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి.

కోతల తర్వాత మందను నది దాటించి యవత్మాల్ వైపు సోయా, మక్క చేలలో మేపే అలవాటుంటే, రాలిన గింజ ఏరుకు తినడం వల్ల ఇదే ముప్పు అక్కడా ఉంటుంది. బూస్టర్ పడి రెండు వారాలు గడిచాకే బయలుదేరండి.